చివరి వారంలో సైకాలజీ: పాఠ్యపుస్తకమా, వీడియోనా, గైడా, శాంపిల్ పేపరా?

విశాఖపట్నంలో ఇంజనీరింగ్, మెడికల్ ప్రవేశ పరీక్షలకు చదివే పిల్లలకు ద్వారకానగర్ మొదలుకొని గాజువాక దాకా ఎక్కడికక్కడ కోచింగ్ దొరుకుతుంది గానీ, సీబీఎస్‌ఈ పన్నెండో తరగతిలో హ్యుమానిటీస్ తీసుకుని సైకాలజీ చదువుతున్నవారికి ఆ సబ్జెక్టు ప్రైవేటు చెప్పే మాస్టారు దొరకడం అంత సులభం కాదు. అందువల్ల ప్రీ బోర్డు మార్కులు చూసి కంగారుపడిన విద్యార్థి, మిగిలిన కొద్ది రోజుల్లో తనంతట తానే చదువుకోవలసి వస్తుంది. అప్పుడు ఏ పాఠం చదవాలి అనేదానికంటే ముందే, దేన్ని పట్టుకుని చదవాలి అనే ప్రశ్న ఎదురవుతుంది. బల్ల మీద ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం, పక్కన గైడు, ఫోనులో ఆరు గంటల వన్ షాట్ వీడియో, స్నేహితులు పంపిన నోట్సు పీడీఎఫ్‌లు, బోర్డు విడుదల చేసిన శాంపిల్ పేపర్లు అన్నీ ఉంటాయి. అన్నింటినీ తలా కాసేపు ముట్టుకోవడం సాధారణంగా జరిగే పని, అన్నింటికంటే నష్టం కలిగించే పని కూడా అదే.

నా అభిప్రాయం ముందే చెప్పి తరువాత కారణాలు వివరిస్తాను. మూడు రోజులకు మించి సమయం ఉన్నవారికి పాఠ్యపుస్తకం, శాంపిల్ పేపర్లు అనే రెండే సరిపోతాయి. అంతకంటే తక్కువ ఉన్నవారు శాంపిల్ పేపరును ముందు పెట్టుకుని, పుస్తకాన్ని దాని వెనుక నడిపించాలి. మిగిలినవన్నీ ఈ రెండింటికి సాయంగా వాడుకోదగినవే తప్ప, వాటి స్థానంలో వాడుకోదగినవి కావు.

దేన్నిబట్టి ఎంచుకోవాలి

పరీక్ష స్వరూపం తెలియకుండా సాధనాలను పోల్చడం కుదరదు. ఈ సబ్జెక్టు వంద మార్కుల్లో 30 ప్రాక్టికల్స్‌వి, అవి రాత పరీక్షకు ముందే అయిపోతాయి. మిగిలిన 70 మార్కులకు మూడు గంటల రాత పరీక్ష ఉంటుంది. ఇటీవలి శాంపిల్ పేపర్ల ప్రకారం మొత్తం 33 ప్రశ్నలు వస్తాయి. ఒక మార్కు బిట్లు 14, రెండు మార్కుల ప్రశ్నలు 5, మూడు మార్కులవి 4, నాలుగు మార్కులవి 4, ఆరు మార్కులవి 2 ఉంటాయి. చివర్లో ఒక వ్యక్తి పరిస్థితిని వర్ణించే రెండు కేసులు ఇచ్చి వాటి మీద మరో ఆరు మార్కులకు చిన్న ప్రశ్నలు అడుగుతారు. జవాబులకు పదాల పరిమితి కూడా ఉంది: రెండు మార్కులకు 30, మూడింటికి 60, నాలుగింటికి 120, ఆరింటికి 200 పదాలు. దీనికి తోడు 2024-25 విద్యాసంవత్సరం నుంచి 11, 12 తరగతుల ప్రశ్నపత్రాల్లో సగభాగం, నేర్చుకున్న విషయాన్ని కొత్త సందర్భానికి అన్వయించగలరా లేదా అని పరీక్షించే ప్రశ్నలకు కేటాయించారు. అంటే నిర్వచనాలను బట్టీ పట్టినవారికి సగం దారి మాత్రమే తెరుచుకుంటుంది. ఎవరో ఒక మనిషి ప్రవర్తనను నాలుగు వాక్యాల్లో వర్ణించి, ఇది ఏ రుగ్మత, దీనికి ఏ చికిత్స తగినది అని అడిగినప్పుడు తడుముకోకుండా రాయగలగాలి.

ఇక రెండో ఆధారం ఈ శాస్త్రం లోపలిదే. 2006లో అమెరికాలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పిక్ అనే ఇద్దరు మనోవిజ్ఞానులు కళాశాల విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. కొందరు ఒక చిన్న గద్యభాగాన్ని చదివి, వెంటనే రెండోసారి కూడా చదివారు. మరికొందరు ఒక్కసారే చదివి, ఆ కాగితం పక్కన పెట్టి, గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాల తరువాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినవారే ముందున్నారు: వారికి 81 శాతం, రాసినవారికి 75 శాతం గుర్తుంది. రెండు రోజుల తరువాత పరీక్షించినవారిలో ఆ వరుస తారుమారై, చదివినవారికి 54 శాతం, రాసినవారికి 68 శాతం నిలిచింది. వారం తరువాత పరీక్షించినవారిలో అది 42, 56 అయింది. చివరి రోజుల చదువుకు ఇంతకంటే పనికివచ్చే అంకెలు మరెక్కడా లేవని నా నమ్మకం. మళ్లీ మళ్లీ చదివినప్పుడు కలిగే 'అంతా వచ్చేసింది' అనే ధీమా ఆ కాసేపటికి నిజమే. పరీక్ష నాటికి మాత్రం అది నిలవదు. కాబట్టి ఏ సాధనాన్నయినా ఒకే ప్రశ్నతో తూచవచ్చు: ఇది నాచేత పుస్తకం మూయించి రాయిస్తుందా, లేక కూర్చోబెట్టి చూపిస్తుందా?

పాఠ్యపుస్తకం

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకానికి ఉన్న గొప్ప గుణం, ప్రశ్నపత్రం దాని గోడలు దాటి బయటికి పోకపోవడం. పైగా అది ఎన్‌సీఈఆర్‌టీ సైటులో ఉచితంగా దొరుకుతుంది. దాని లోపం కూడా అందరికీ తెలిసినదే: పేజీలు ఎక్కువ, భాష కొంచెం బరువు, ఏది ముఖ్యమో ఏది ఉదాహరణో మొదటిసారి చదివేవారికి తెలియదు. ఉన్న సమయం తక్కువైనప్పుడు ఈ లోపాన్ని చూసి చాలామంది గైడుకు మారిపోతారు. అయినా పుస్తకాన్ని వదలవద్దని చెప్పడానికి ఒక గట్టి కారణం ఉంది. తెలివితేటలను గడులుగా విడగొట్టి చూపిన మనోవిజ్ఞాని గిల్ఫర్డ్ ప్రజ్ఞా నమూనాలో ఎన్ని గడులు ఉన్నాయని అడిగితే, పాత పుస్తకాల్లో 120 అని, కొన్నింటిలో 150 అని కనబడుతుంది. గిల్ఫర్డ్ తన నమూనాను కాలక్రమంలో మార్చుకుంటూ వచ్చాడు కనుక అవేవీ తప్పు కావు. అయితే మీ పుస్తకంలో ఉన్నది ఆరు ప్రక్రియలు, ఐదు విషయాలు, ఆరు ఫలితాలు, మొత్తం 180 గడులు. బిట్టులో మార్కు పడేది 180కే. గార్డ్‌నర్ బహుళ ప్రజ్ఞల సంగతీ ఇంతే. మీ పుస్తకం ఎనిమిదింటిని చెబుతుంది, బయట తొమ్మిది అని చెప్పేవారు ఉన్నారు.

ఇదే కారణంతో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ పీజీ చదివే అన్నయ్యనో అక్కయ్యనో అడిగి లావుపాటి విదేశీ పుస్తకాలు తెచ్చుకోవడం చివరి వారంలో చేయకూడని పని. వారు కూర్చుని ఒక పాఠం చెబుతామంటే మాత్రం తప్పకుండా వినాలి. వారి పుస్తకం వారి దగ్గరే ఉండనివ్వాలి.

పుస్తకం విషయంలో మరొక జాగ్రత్త అవసరం. పాత పుస్తకాల దుకాణంలో కొన్న ప్రతిలోనో, సీనియర్ ఇచ్చిన ప్రతిలోనో తొమ్మిది అధ్యాయాలు ఉంటాయి. 2022-23లో పాఠ్యాంశాలను కుదించినప్పుడు చివరి రెండింటిని తీసేశారు కాబట్టి ఇప్పుడు చదవవలసినవి ఏడే. మిగిలిన అధ్యాయాల్లో కూడా అక్కడక్కడా కొన్ని భాగాలు తీసేశారు. చదవడం మొదలుపెట్టే ముందు కొత్త పీడీఎఫ్‌ను పక్కన పెట్టుకుని, పాత ప్రతిలో తొలగించిన పేజీలకు పెన్సిలుతో అడ్డగీత గీసుకుంటే గంటల కొద్దీ వృథా చదువు తప్పుతుంది.

పుస్తకాన్ని ఎలా చదవాలన్నది, ఎంత చదవాలన్నదానికంటే ముఖ్యం. పసుపుపచ్చ హైలైటరుతో పేజీలన్నీ రంగు వేయడం చూడటానికి కష్టపడినట్టు ఉంటుంది. జాన్ డన్లోస్కీ, ఆయన సహచరులు 2013లో పది అభ్యసన పద్ధతులను సమీక్షించినప్పుడు, గీతలు గీయడాన్నీ మళ్లీ చదవడాన్నీ తక్కువ ఉపయోగం ఉన్న పద్ధతుల జాబితాలో చేర్చారు. తనను తాను పరీక్షించుకోవడాన్నీ, చదువును రోజుల మధ్య విడగొట్టుకోవడాన్నీ ఎక్కువ ఉపయోగం ఉన్నవాటిగా తేల్చారు. అందువల్ల రెండు మూడు పేజీల ఉపశీర్షిక ఒకటి చదివి, పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద ఆ భాగంలోని పేర్లు, భేదాలు, ఒక ఉదాహరణ రాసి, తరువాత పుస్తకం తెరిచి తప్పిపోయినవాటిని వేరే రంగు పెన్నుతో చేర్చుకోవాలి. ఆ రెండో రంగులో ఉన్నదే మరుసటి రోజు మీరు చదవవలసిన పాఠం.

వన్ షాట్ వీడియోలు

సిలబస్ మొత్తాన్ని ఒకే విడతలో చెప్పేస్తామనే వీడియోలు చాలా ఉన్నాయి. వాటిలో చాలావరకు హిందీలోనో, హిందీ కలిసిన ఇంగ్లీషులోనో ఉంటాయి. మన పిల్లలకు అది అదనపు భారం: హిందీలో విని, తెలుగులో అర్థం చేసుకుని, ఇంగ్లీషులో రాయాలి. హిందీ బాగా వచ్చినవారికి, ముఖ్యంగా కేంద్రీయ విద్యాలయాల్లో చిన్నప్పటి నుంచి చదివినవారికి, ఈ ఇబ్బంది అంతగా ఉండదు.

వీడియోకు నిజమైన ఉపయోగం ఒక్క సందర్భంలోనే ఉంది. ఏడాది పొడవునా తెరవని అధ్యాయాన్ని మొదటిసారి ముట్టుకునేటప్పుడు, ముప్పై నలభై నిమిషాల వివరణ వింటే ఆ అధ్యాయంలో ఏమేమున్నాయో ఒక రూపం మనసులో ఏర్పడి, తరువాత పుస్తకం చదవడం తేలికవుతుంది. అంతకు మించి దాని మీద ఆధారపడటం ఒడ్డున కూర్చుని ఈత చూసి, తనకూ ఈత వచ్చేసిందనుకోవడమే. చెప్పేవారు చక్కగా చెప్పినకొద్దీ ఈ భ్రమ పెరుగుతుంది, ఎందుకంటే అర్థమవడం వేరు, అడిగినప్పుడు గుర్తుకు తెచ్చుకుని రాయడం వేరు. వీడియోను వేగం పెంచి చూసేవారు ఆదా అయిన సమయాన్ని రాయడానికి వాడితే మంచిదే, మరో వీడియోకు వాడితే పని జరగనట్టే.

గైడు, నోట్సు పీడీఎఫ్‌లు

గైడులో ప్రశ్న, జవాబు పక్కపక్కనే ఉంటాయి. అదే దాని సౌకర్యం, అదే దాని ప్రమాదం. కన్ను ప్రశ్న మీద పడీ పడకముందే జవాబు మీదికి జారుతుంది. గైడులోని జవాబులను అట్టతో కప్పి ప్రశ్నలను మాత్రమే వాడుకోగల నిగ్రహం ఉన్నవారికి అది మంచి ప్రశ్నల నిధి. ఇంకొక సంగతి ఏమిటంటే, గైడు జవాబులు తరచుగా పదాల పరిమితిని పట్టించుకోవు. మూడు మార్కుల ప్రశ్నకు పేజీన్నర జవాబు నేర్చుకున్నవారు పరీక్షలో అంతా రాయాలనిపించి చివరి కేసు ప్రశ్నలకు సమయం చాలక బాధపడతారు. చేతికి వచ్చిన పీడీఎఫ్ నోట్సుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అవి ఎవరు రాశారో, ఏ సంవత్సరపు సిలబస్‌కు రాశారో తెలియనప్పుడు వాటికి గంట కూడా కేటాయించవద్దు.

శాంపిల్ పేపర్లు, మార్కింగ్ స్కీములు

నేను అన్నింటికంటే పైన పెట్టేది దీన్నే. బోర్డు అకడమిక్ సైటులో ఏటా శాంపిల్ పేపరుతో పాటు మార్కింగ్ స్కీము కూడా ఉచితంగా ఉంచుతారు. చాలామంది పేపరును దించుకుంటారు గానీ స్కీమును తెరవరు. నిజానికి విలువంతా స్కీములోనే ఉంది. దిద్దేవారు జవాబును మొత్తంగా చూసి మురిసిపోరు. నిర్వచనానికి ఇంత, రెండు అంశాలకు ఇంత, ఉదాహరణకు ఇంత అని ముక్కలుగా మార్కులు వేస్తారు. ఆ ముక్కలు ఎలా ఉంటాయో ఒకసారి కళ్లతో చూసినవారు తమ జవాబును కూడా ముక్కలుగా, పాయింటు వారీగా రాయడం నేర్చుకుంటారు.

దీన్ని వాడే పద్ధతి ఇది. గడియారం పెట్టుకుని, పుస్తకం మూసి, మూడు గంటలు కూర్చుని ఒక పేపరు పూర్తిగా రాయాలి. 70 మార్కులకు 180 నిమిషాలంటే ఒక్కో మార్కుకు సుమారు రెండున్నర నిమిషాలు. ఆరు మార్కుల జవాబుకు పావుగంట దాటకూడదు, బిట్లన్నీ ఇరవై నిమిషాల లోపు అయిపోవాలి. రాసిన తరువాత స్కీముతో మీరే కఠినంగా దిద్దుకోవాలి. అడిగిన పదం మీ జవాబులో లేకపోతే మార్కు వేసుకోవద్దు. అప్పుడు మీకు మార్కుల మొత్తం కంటే ఉపయోగపడే వివరం ఒకటి దొరుకుతుంది: ఏ అధ్యాయంలో తెలియక పోయింది, ఏ అధ్యాయంలో తెలిసీ రాయలేకపోయారు అన్నది. మొదటిదానికి మందు పుస్తకం. రెండోదానికి మందు మరో పేపరు. ఈ రెండింటినీ వేరు చేసి చూపగల సాధనం ఇది తప్ప మరొకటి లేదు.

కేసు ప్రశ్నలకు ఒక్క శాంపిల్ పేపరు చాలదు. గత సంవత్సరాల పేపర్లలోని కేసులను కూడా ఒకచోట చేర్చుకుని, జవాబు చూడకుండా వాటిలోని సూచనలను మాత్రం గుర్తించే అభ్యాసం చేయాలి. ఇంకా మంచి పద్ధతి, కేసులను మన చుట్టూ ఉన్న జీవితంలో నుంచి మనమే తయారుచేసుకోవడం. ఉదాహరణకు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన రోజు గురించి ఇంట్లో పెద్దవారిని అడిగి చూడండి. కిటికీలు పగిలి, చెట్లు కూలి, ప్రాణభయంతో గడిపిన ఆ పూట, మూడో అధ్యాయం చెప్పే ఆఘాత సంఘటన (ట్రామాటిక్ ఈవెంట్). తరువాత రోజుల తరబడి కరెంటు లేక, నీళ్లకూ పాలకూ వరుసల్లో నిలబడటం అదే అధ్యాయం చెప్పే రోజువారీ చికాకులు. అది జరిగి చాలాకాలమైనా పెద్ద గాలి వీచినప్పుడల్లా ఎవరైనా ఉలిక్కిపడి, ఆ దృశ్యాలు కలలోకి వచ్చి నిద్రపట్టక బాధపడుతుంటే, నాలుగో అధ్యాయంలోని ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత (పీటీఎస్‌డీ) లక్షణాలు అక్కడ గుర్తుకు రావాలి. ఇలా కట్టుకున్న ఉదాహరణ బట్టీ పట్టిన జాబితా కంటే గట్టిగా నిలుస్తుంది, పరీక్షలో ఉదాహరణ అడిగినప్పుడు రాయడానికీ పనికివస్తుంది.

ఆరో అధ్యాయంలోని సంజ్ఞాన వైరుధ్యానికి (కాగ్నిటివ్ డిసోనెన్స్) ఉదాహరణ వెతకడానికి పెద్ద కష్టపడనక్కరలేదు. 'పరీక్ష ముఖ్యం' అని నమ్ముతూ, 'రోజూ సాయంత్రం ఆర్కే బీచ్‌లోనే ఉన్నాను' అని కూడా తెలిసిన విద్యార్థి, ఆ రెండింటి మధ్య ఇబ్బందిని భరించలేక 'సముద్రపు గాలికి బుర్ర బాగా పనిచేస్తుంది' అనే మూడో ఆలోచనను చేర్చుకుంటాడు. మనోవిజ్ఞాని ఫెస్టింగర్ 1957లో చెప్పినది సరిగ్గా ఇదే.

కార్డులు, కలిసి చదవడం, చాట్‌బాట్

చిన్న కార్డులకు ఒక వైపు ప్రశ్న, మరో వైపు జవాబు రాసుకుని తిప్పుకోవడం అన్ని పాఠాలకూ సరిపోదు. ఒకదాని స్థానంలో మరొకటి రాసేసే జంటలకు మాత్రం అది చక్కగా పనిచేస్తుంది. వదలక వేధించే ఆలోచన ఆబ్సెషన్, దాన్ని అణచడానికి పదే పదే చేసే పని కంపల్షన్. రుజువులు కాదన్నా తప్పుడు నమ్మకాన్ని గట్టిగా పట్టుకుని ఉండటం డెల్యూజన్, లేనిదాన్ని చూడటం వినడం హాలూసినేషన్. ముందే ఏర్పరచుకున్న ప్రతికూల వైఖరి ప్రెజుడిస్, దానికి మూలమైన గుంపు ముద్ర స్టీరియోటైప్, అది పనిలో బయటపడితే డిస్క్రిమినేషన్. స్కిజోఫ్రీనియాలో ఉండకూడనివి ఉండటం పాజిటివ్ లక్షణాలు, ఉండవలసినవి లోపించడం నెగటివ్ లక్షణాలు. పాజిటివ్ అంటే మంచివి అనుకుని రాసేవారు ఉంటారు కనుక ఆ కార్డును రెండుసార్లు తిప్పడం మంచిది. ప్రజ్ఞకు థర్‌స్టన్ చెప్పిన ఏడు ప్రాథమిక సామర్థ్యాలు, వ్యక్తిత్వ పరీక్షలో చూపే పది రోర్షా సిరామచ్చల్లో ఐదు నలుపు తెలుపువి, రెండు ఎరుపు కలిసినవి, మూడు లేత రంగులవి అనే వివరం వంటివి కూడా కార్డులకు తగినవే. లాజరస్ ఒత్తిడి సిద్ధాంతం, ఫ్రాయిడ్ రక్షక తంత్రాలు (డిఫెన్స్ మెకానిజమ్స్) వంటివి కార్డులో ఇమడవు. వాటిని వివరించి రాయాలి.

స్నేహితులతో కలిసి చదవడం గురించి ఏడో అధ్యాయమే హెచ్చరిస్తుంది. మనోవిజ్ఞాని లటానే, ఆయన సహచరులు విద్యార్థులను చప్పట్లు కొట్టమని, కేకలు వేయమని అడిగినప్పుడు, గుంపు పెద్దదైనకొద్దీ ఒక్కొక్కరు చేసే చప్పుడు తగ్గిపోయింది. నలుగురు కూర్చున్న కంబైన్డ్ స్టడీలో జరిగేది చాలావరకు అదే. ఇద్దరే కూర్చుని, ఒకరు అడగడం, మరొకరు పుస్తకం చూడకుండా చెప్పడం, గంట తరువాత వంతు మార్చుకోవడం అనే నియమం పెట్టుకుంటే అది ఒంటరి చదువు కంటే మెరుగే. అటువంటి తోడు దొరకనివారు ఇంట్లో అమ్మకో నాన్నమ్మకో తెలుగులో చెప్పి చూడవచ్చు. సైకాలజీ తెలియనివారికి ఫోబియాకు, మామూలు భయానికి తేడా తెలుగులో చెప్పి ఒప్పించగలిగితే, ఇంగ్లీషులో 60 పదాలు రాయడానికి కావలసిన సరుకు మీ దగ్గర ఉన్నట్టే. 'మరి నాకు బల్లిని చూస్తే భయం, అది జబ్బేనా?' అని ఆవిడ అడిగే ప్రశ్న ప్రశ్నపత్రంలోని ప్రశ్న కంటే కఠినంగా ఉండే అవకాశం కూడా ఉంది.

చాట్‌బాట్‌ను జవాబులు రాసి పెట్టమని అడిగితే గైడుకు ఉన్న దోషాలన్నీ దానికీ ఉంటాయి, పైగా ఎన్‌సీఈఆర్‌టీలో లేని వర్గీకరణలు కలిసిపోతాయి. దాన్ని పరీక్షాధికారిగా వాడుకోవాలి: ఫలానా రుగ్మతకు పేరు చెప్పకుండా ఐదు వాక్యాల కేసు ఇవ్వమని అడిగి, మీరు జవాబు రాసి, సరిచూడటానికి మాత్రం మళ్లీ పుస్తకమే తెరవాలి.

ఎన్ని రోజులు ఉంటే ఏది

ఇటీవలి సిలబస్‌లో అధ్యాయాల మార్కులు ఇలా ఉన్నాయి: మానసిక లక్షణాల్లో వైవిధ్యానికి 13, స్వీయం, వ్యక్తిత్వానికి 13, జీవన సవాళ్లకు 9, మానసిక రుగ్మతలకు 12, చికిత్సా విధానాలకు 9, వైఖరులకు 8, సామాజిక ప్రభావం, సమూహాలకు 6. మొదటి రెండు, నాలుగోది కలిస్తే 38, అంటే సగానికి పైన. నాలుగు, ఐదు అధ్యాయాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కనుక వాటిని వెంటవెంటనే చదవడం లాభం.

వారం ఉన్నవారు మొదటి రోజే, ఏమీ చదవకుండా, ఒక శాంపిల్ పేపరు రాయాలి. మార్కులు తక్కువ వచ్చినా దిగులు పడనక్కరలేదు. ఎక్కడ పోయాయో తెలుసుకోవడమే ఆ రోజు పని. తరువాత నాలుగు రోజులు పుస్తకంతో గడపాలి: పెద్ద మార్కుల అధ్యాయాలకు ఒక్కోదానికి పూట చొప్పున, చిన్నవాటికి అందులో సగం, ప్రతి ఉదయం అంతకుముందు రోజు రెండో రంగు పెన్నుతో రాసినవాటి మీద అరగంట. ఆరో రోజు రెండో పేపరు, ఏడో రోజు దాని తప్పులు, కార్డులు. ఇల్లు గోలగా ఉంటే ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం వంటి నిశ్శబ్దమైన చోటుకు వెళ్లి, ఫోను ఇంట్లో వదిలి, ఆ పేపరు అక్కడ రాయడం మంచిది.

మూడు రోజులే ఉన్నవారికి ఏడు అధ్యాయాలనూ పుస్తకంలో పూర్తిగా చదవడం సాధ్యం కాదని ముందే ఒప్పుకోవడం మేలు. వారు శాంపిల్ పేపరునే సూచికగా పెట్టుకోవాలి. అందులోని ప్రతి ప్రశ్నకు స్కీము చూసి, ఆ జవాబు పుస్తకంలో ఏ పేజీలో ఉందో వెతికి, ఆ ఉపశీర్షికను చదివి, మూసి రాయాలి. రెండు మూడు సంవత్సరాల పేపర్లతో ఇలా చేస్తే ముఖ్యమైన భాగాల్లో ఎక్కువభాగం దానంతట అదే చుట్టివస్తుంది. ఒక అధ్యాయం అసలు తెలియకపోతే దానికి మాత్రమే వీడియో చూడవచ్చు. ఆరు మార్కుల ఏడో అధ్యాయం పూర్తిగా మిగిలిపోతే చివరి పూటకు వదిలేయడంలో తప్పు లేదు.

ఒక్క రాత్రే మిగిలినవారికి సలహా ఇవ్వడం కష్టం. రోడిగర్ అంకెల ప్రకారం చూస్తే, కొద్ది గంటల్లో రాయబోయేవారికి మళ్లీ చదవడం మరీ అంత పనికిమాలిన పని కాదు. అందువల్ల వారు అధ్యాయాల చివరనున్న సారాంశాలు, కీలక పదాల జాబితా చదివి, ఒక పాత పేపరులోని బిట్లు, కేసులు మాత్రం చేసి, నిద్రపోవాలి. నిద్ర మానేసి ఇంకో అధ్యాయం చదవడం ఏ లెక్కలోనూ లాభం కాదు: చదివినది స్థిరపడటానికి నిద్ర కావాలి. నిద్రలేని తల కేసులోని సూచనలను గుర్తించడంలో తడబడుతుంది, ఇప్పుడు సగం మార్కులు అటువంటి ప్రశ్నలకే ఉన్నాయి.

ఓపెన్ స్కూలు ద్వారా సైకాలజీ రాసేవారి పుస్తకమూ, ప్రశ్నల పద్ధతీ వేరు. పైన చెప్పిన అధ్యాయాల మార్కులు వారికి వర్తించవు, మూసి రాసే పద్ధతి మాత్రం వారికీ అంతే వర్తిస్తుంది.

పరీక్ష రోజు ఉదయం పది తరువాత కేంద్రంలోకి అనుమతించరు. కాబట్టి గాజువాక, కూర్మన్నపాలెం వైపు నుంచి నగరంలోని కేంద్రానికి రావలసినవారు ఎన్ఏడీ కూడలి రద్దీని లెక్కలో వేసుకుని బయలుదేరాలి. ప్రశ్నపత్రం 10.15కు ఇస్తే రాయడం 10.30కు మొదలవుతుంది. ఆ పదిహేను నిమిషాల్లో ముందుగా చివరి పేజీలోని రెండు కేసులనూ చదవండి. తరువాత ఎంపిక ఇచ్చిన ప్రశ్నల్లో ఏది రాయాలో నిర్ణయించుకుని, ఆ తరువాతే బిట్ల దగ్గరికి రండి. కేసులు మనసులో పడి ఉంటే మిగిలిన పేపరు రాస్తున్నంతసేపూ వాటి జవాబులు లోపల తయారవుతూ ఉంటాయి, చివరి పావుగంటలో వాటిని కొత్తగా చదువుకోవలసిన అవసరం రాదు.